అమెరికన్ మాజాంగ్

అమెరికన్ మాజాంగ్ అనేది నలుగురు ఆటగాళ్ళు 152 బిళ్ళలతో ఆడే ఆట. చైనాలో 19వ శతాబ్దములో రూపుదిద్దుకొన్న మాజాంగ్ 1920వ దశకములో అమెరికా సంయుక్త రాష్ట్రములకు చేరి, అక్కడ క్రమక్రమముగా మారి ఈ రూపమును పొందినది. చేతిలోని 14 బిళ్ళలను ఒక నిర్ణీతమైన అమరికలోనికి అందరికంటె ముందు తెచ్చిన ఆటగాడు గెలుపొందును. ఒక బిళ్ళ ఎత్తి, అక్కరలేనిది ఒకటి పారవేయు పద్ధతి తెలుగువారికి సుపరిచితమైన రమ్మీ పేకాటను పోలియున్నది. కానీ రమ్మీలో ఏ వరుస కుదిరినను, ఏ సెట్టు కుదిరినను చెల్లును. ఇక్కడ అట్లు కాదు. గెలుపునకు పనికివచ్చు అమరికలన్నియు ఒక అచ్చు కార్డుపై ఉంటాయి, ఆ కార్డు ఏటేటా మారుతుంది. కార్డులో లేని అమరిక ఎంత చక్కగా కుదిరినను దానికి విలువ లేదు. కాబట్టి ఈ ఆటను నేర్చుకొనుట అనగా చాలావరకు ఆ కార్డుపైని సంకేతములను చదువుట నేర్చుకొనుటయే.

చరిత్ర

స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ఉద్యోగిగా చైనాలో నివసించిన జోసెఫ్ పార్క్ బాబ్‌కాక్ ఈ ఆటను సరళీకరించి, 1920లో ఆంగ్లములో ఒక నియమావళిని ప్రచురించాడు. ఆట పేరును వ్యాపారచిహ్నముగా నమోదు చేసినది కూడా ఇతడే. ఆంగ్లములో ఈ పేరు చివర రెండు "జి" అక్షరములు వ్రాయుట అప్పటి నుండి వచ్చిన అలవాటు. కొద్ది సంవత్సరములలోనే ఈ ఆట అమెరికా అంతటా ఒక వెర్రిగా వ్యాపించినది. ఎముకతోను, వెదురుతోను చేసిన బిళ్ళలు చైనా నుండి దిగుమతి అయ్యేవి. అయితే ఒక్కొక్క ఇంటిలో ఒక్కొక్క నియమము, ఒక్కొక్క పుస్తకములో ఒక్కొక్క లెక్క ఉండుటచే తగవులు పెరిగి, దశకము ముగియక ముందే ఆ ఉత్సాహము చల్లబడినది.

1937లో న్యూయార్క్ నగరములో కొందరు మహిళలు సమావేశమై నేషనల్ మాజాంగ్ లీగ్ అను సంస్థను స్థాపించారు. వీరిలో అధికులు యూదు మహిళలు. నియమములను ఏకరూపము చేయుట, ఆ సంవత్సరమునకు చెల్లు అమరికలను ఒక కార్డుగా అచ్చువేయుట వీరి ఉద్దేశము. ఆనాడు మొదలైన వార్షిక కార్డు నేటికీ ప్రతి సంవత్సరము వసంతకాలములో వెలువడుతున్నది. కార్డుల అమ్మకము వలన వచ్చిన ఆదాయములో కొంత దానధర్మములకు వినియోగించుట కూడా మొదటి నుండి ఉన్న సంప్రదాయము. న్యూయార్క్ పరిసరములలోని యూదు కుటుంబములలోను, వేసవిలో వారు విడిది చేయు క్యాట్స్‌కిల్ కొండల కుటీరములలోను ఈ ఆట తల్లుల నుండి కుమార్తెలకు సంక్రమించినది.

ఆట సామాగ్రి కూడా ఒక్కసారిగా స్థిరపడలేదు. ఒకప్పుడు పూల బిళ్ళలు ఇరువదికి మించి వాడిన కాలము కలదు. జోకర్లు 1960 ప్రాంతములో ప్రవేశించినవి. 8 పూలు, 8 జోకర్లు అను నేటి లెక్క 1971లో స్థిరపడినది. పాత పెట్టెలు కొన్నవారు పూల బిళ్ళలపై జోకరు చీటీలు అతికించుకొని ఆడుట అందువలననే.

బిళ్ళలు

పేకలో ఇస్పేటు, కళావరు వంటి జాతులు ఉన్నట్లే ఇక్కడ మూడు జాతులు కలవు. అవి క్రాక్ (చైనా లిపిలో అంకెలు ఉన్నవి), బ్యామ్ (వెదురు కణుపులు), డాట్ (చుక్కలు). ఒక్కొక్క జాతిలో 1 నుండి 9 వరకు అంకెలు, ప్రతి అంకెకు నాలుగేసి బిళ్ళలు ఉండును. కనుక ఇవి 108. నాలుగు దిక్కుల గాలులు నాలుగేసి చొప్పున 16, మూడు డ్రాగన్లు నాలుగేసి చొప్పున 12, పూలు 8, జోకర్లు 8 కలిపి మొత్తము 152.

కొత్తవారు తరచుగా పొరబడునది బ్యామ్ 1 దగ్గర. దానిపై వెదురు ఉండదు, ఒక పక్షి బొమ్మ ఉండును. దానిని పూల బిళ్ళగా భావించి పారవేసినవారు అనేకులు. పూల బిళ్ళలపై వేరువేరు బొమ్మలు, అంకెలు ఉన్నను అమెరికా ఆటలో ఎనిమిదియు ఒకటే. చైనా పద్ధతిలో వలె పువ్వు వచ్చినప్పుడు దానిని పక్కన పెట్టి మరియొక బిళ్ళ తీసుకొనుట ఇక్కడ లేదు.

తెల్ల డ్రాగన్‌ను ఆటగాళ్ళు "సోప్" అంటారు. ఖాళీగానో, చుట్టూ గీతతోనో ఉండు ఆ బిళ్ళ సబ్బుబిళ్ళ వలె కనిపించుట దీనికి కారణము. ఈ సబ్బుబిళ్ళకు కార్డులో రెండు పనులు ఉన్నవి. డ్రాగన్‌గా ఒకటి, సున్నాగా మరొకటి.

కార్డును చదువు విధము

కార్డులో సుమారు యాభై వరుసలు, కొన్ని విభాగములుగా అమర్చబడి ఉంటాయి. ఆ సంవత్సరపు అంకెలు, సరి సంఖ్యలు, బేసి సంఖ్యలు, ఒకే అంకె, వరుస అంకెలు, 3-6-9, గాలులు-డ్రాగన్లు, ఐదేసి సమూహములు (క్వింట్లు), ఒంటరులు-జతలు అనునవి సాధారణముగా కనిపించు విభాగములు. ప్రతి వరుసలోను సరిగా 14 గుర్తులు ఉంటాయి.

అంకె అనగా ఆ అంకె గల బిళ్ళ. "ఎఫ్" అనగా పువ్వు. "డి" అనగా డ్రాగన్. ఎన్, ఇ, డబ్ల్యు, ఎస్ అనునవి నాలుగు గాలులు. ఈ నాలుగు వరుసగా వచ్చినచో ఆంగ్లములో "వార్తలు" అను మాట ఏర్పడుట వలన దానిని గుర్తుంచుకొనుట సులభము. "0" అనగా సబ్బుబిళ్ళ.

ఇక అసలు చిక్కు సిరా రంగులలో ఉన్నది. కార్డు నీలము, ఎరుపు, ఆకుపచ్చ అను మూడు రంగులలో అచ్చవుతుంది. ఆకుపచ్చ అంకెలు కనిపించగానే అవి ఆకుపచ్చని వెదురు బిళ్ళలే అనుకొనుట సహజము. అది తప్పు. రంగు ఏ జాతిని సూచించదు. ఒకే రంగులో ఉన్నవి ఒకే జాతివి కావలెను, వేరు రంగులో ఉన్నవి వేరు జాతివి కావలెను అని మాత్రమే దాని అర్థము. ఏ రంగును ఏ జాతిగా తీసుకొనవలెనో ఆటగాడి ఇష్టము. వరుస అంతయు ఒకే రంగులో ఉన్నచో ఒక జాతి, రెండు రంగులున్నచో రెండు, మూడున్నచో మూడు. పూలకు, గాలులకు జాతి లేదు గనుక వాటి రంగును పట్టించుకోనక్కరలేదు. సున్నాగా వాడిన సబ్బుబిళ్ళకు కూడా ఇదే వర్తించును.

కార్డుపై లేనిది, కేవలము వివరణ కొరకు కూర్చిన ఒక వరుసను చూడుడు: ఎఫ్ఎఫ్ 222 44 666 8888. అంకెలన్నియు ఒకే రంగులో ఉన్నవనుకొందము. రెండు పూలు, మూడు 2లు, రెండు 4లు, మూడు 6లు, నాలుగు 8లు కలిపి 14. ఆటగాడు డాట్లను ఎంచుకొన్నచో అంకెలన్నియు డాట్లే కావలెను. నాలుగవ 8 బ్యామ్ అయినచో చేయి చెల్లదు.

డ్రాగన్ గుర్తు మరికొంత సూక్ష్మమైనది. ప్రతి జాతికి ఒక డ్రాగన్ తోడు. క్రాక్‌కు ఎర్ర డ్రాగన్, బ్యామ్‌కు ఆకుపచ్చ డ్రాగన్, డాట్‌కు సబ్బుబిళ్ళ. 333 డిడిడిడి అను గుర్తులు ఒక రంగులోను, మళ్ళీ 333 డిడిడిడి వేరొక రంగులోను ఉన్నవనుకొందము. మొదటి జాతిగా బ్యామ్‌ను తీసుకొన్నచో దానితోపాటు నాలుగు ఆకుపచ్చ డ్రాగన్లు ఉండవలెను. రెండవ జాతి డాట్ అయినచో నాలుగు సబ్బుబిళ్ళలు కావలెను. అంకెలు ఒక రంగులోను "డి" మరొక రంగులోను ఉన్నచో ఆ అంకెల జాతికి చెందని డ్రాగన్‌ను వాడవలెను.

వరుస చివర కుండలీకరణములలో ఉండు చిన్న అక్షరములను వదలివేయరాదు. "వరుస అంకెలు" విభాగములో 1, 2, 3 అని అచ్చయి ఉన్నను, ఏవేని మూడు వరుస అంకెలు అని అక్కడ వ్రాసి ఉన్నచో 5, 6, 7తో కూడ ఆ వరుసను పూర్తి చేయవచ్చును. అయితే 9 తరువాత 1 రాదు. "ఒకే అంకె" విభాగములో అచ్చయిన అంకె ఉదాహరణ మాత్రమే. సరి, బేసి, 3-6-9 విభాగములలో అట్లు కాదు. కుండలీకరణములలో వేరుగా వ్రాసి ఉన్నచో తప్ప, అచ్చయిన అంకె ఏదో అదే కావలెను.

చివరిగా "ఎక్స్" లేక "సి" అను అక్షరము, దాని పక్కన విలువ ఉంటాయి. "ఎక్స్" ఉన్న అమరికలో ఇతరులు పారవేసిన బిళ్ళలను అడిగి తీసుకొని సమూహములను బయట పెట్టవచ్చును. "సి" ఉన్నది గుప్తమైన అమరిక. దీనిలో బిళ్ళలన్నియు స్వయముగా ఎత్తుకొనవలెను, గెలిపించు ఆఖరి బిళ్ళను మాత్రము ఇతరుల నుండి తీసుకొనవచ్చును. విలువ సాధారణముగా 25తో మొదలై, కష్టమైన వాటికి 50, 75 వరకు ఉండును.

జోకర్లు

మూడు లేక అంతకు మించిన ఒకే రకపు బిళ్ళల సమూహములో ఎన్ని జోకర్లనైనను వాడవచ్చును. మూడింటిని పంగ్, నాలుగింటిని కాంగ్, ఐదింటిని క్వింట్ అంటారు. ఒంటరి బిళ్ళకు, జతకు బదులుగా జోకరు చెల్లదు. పై ఉదాహరణలో 222కు, 666కు, 8888కు జోకరు పనికివచ్చును గాని ఎఫ్ఎఫ్‌కు, 44కు పనికిరాదు. సంవత్సరపు అంకెలు నాలుగు పక్కపక్కన ముద్రించి ఉన్నను అవి నాలుగు ఒంటరి బిళ్ళలే. నాలుగు గాలులు ఒక్కొక్కటిగా వచ్చినప్పుడు కూడ అంతే. దీనికి విరుద్ధముగా, పూలు తప్ప మరి ఏ బిళ్ళయు నాలుగుకు మించి లేదు గనుక క్వింట్ కట్టుటకు జోకరు లేనిదే సాధ్యము కాదు.

బయట పెట్టిన సమూహములో జోకరు ఉన్నచో, అది ఏ బిళ్ళకు బదులుగా ఉన్నదో ఆ బిళ్ళను ఇచ్చి, తన వంతులో ఎవరైనను ఆ జోకరును తీసుకొనవచ్చును. పక్కవారి చేతి నుండి సంపదను తీసుకొనినట్లుండు ఈ నియమము అమెరికా ఆటకు ప్రత్యేకమైన రుచిని ఇచ్చినది. పారవేసిన జోకరును మాత్రము ఎవరును తీసుకొనరాదు.

పంపిణీ, ఛార్లెస్టన్

ఒక్కొక్కరు తమ ముందు రెండు అంతస్తులుగా, 19 జతల పొడవున గోడ కట్టుతారు. పంపిణీ ముగిసిన తరువాత తూర్పు స్థానములోని ఆటగానికి 14, మిగిలినవారికి 13 బిళ్ళలు వచ్చును.

ఆట మొదలగుటకు ముందు అక్కరలేని బిళ్ళలను ఇచ్చిపుచ్చుకొను తంతును ఛార్లెస్టన్ అంటారు. 1920వ దశకములో ప్రసిద్ధమైన నృత్యము పేరు ఇది. మొదట కుడివైపు వారికి, పిదప ఎదుటివారికి, పిదప ఎడమవైపు వారికి మూడేసి బిళ్ళలు ఇవ్వవలెను. ఇది తప్పనిసరి. నలుగురును సమ్మతించినచో ఎడమ, ఎదురు, కుడి అను క్రమములో రెండవ విడత జరుగును. ఒక్కరు వద్దన్నను అది ఆగిపోవును. చివరగా ఎదుటివారితో మాత్రము, ఇద్దరును ఒప్పుకొన్నన్ని, మూడుకు మించకుండ మార్చుకొనవచ్చును. జోకరును ఎన్నడును దాటించరాదు. ఇచ్చుటకు మూడు బిళ్ళలు లేనివారు ప్రతి విడతలోని ఆఖరు మార్పిడిలో తమకు వచ్చిన వాటినే చూడకుండ ముందుకు పంపవచ్చును. అనుభవజ్ఞులు కార్డులో ఏ విభాగమునకు పోవలెనో ఇక్కడనే నిశ్చయించుకొంటారు. ఏ బిళ్ళ తన వద్దకు తిరిగి తిరిగి వచ్చుచున్నదో గమనించినచో ఇతరులు వేటిని కోరుటలేదో తెలియును.

ఆట జరుగు విధము

తూర్పు ఆటగాడు ఒక బిళ్ళను పేరు చెప్పి పారవేయుటతో ఆట మొదలై కుడివైపునకు సాగును. పారవేసిన బిళ్ళ పంగ్, కాంగ్ లేక క్వింట్‌ను పూర్తి చేయునదైనచో ఎవరైనను అడిగి తీసుకొని, ఆ సమూహమును అందరికీ కనబడునట్లు పెట్టవలెను. ఒంటరి కొరకు గాని, జత కొరకు గాని అడుగరాదు, ఆ బిళ్ళతో ఆట గెలిచినప్పుడు తప్ప. చైనా ఆటలోని "చౌ", అనగా పారవేసిన బిళ్ళతో మూడు వరుస అంకెలను కట్టుట, ఇక్కడ లేదు. ఇద్దరు ఒకే బిళ్ళను కోరినచో గెలుపు కొరకు కోరినవారిది పైచేయి. ఇద్దరి అవసరము ఒకటే అయినచో వంతు ముందుగా రావలసినవారికి అది దక్కును. తరువాతి ఆటగాడు కొత్త బిళ్ళను ఎత్తి తన ర్యాకులో చేర్చిన పిమ్మట అడుగుటకు వీలులేదు.

సమూహమును బయట పెట్టుటలో లాభముతోపాటు నష్టము కూడ ఉన్నది. నలుగురి ముందు అదే కార్డు ఉండును. రెండు సమూహములు కనబడినచో ఆ ఆటగాడు ఏ వరుసను కట్టుచున్నాడో ఎదుటివారు కార్డు చూచి ఇంచుమించుగా చెప్పగలరు. ఆ పైన వారు అతనికి కావలసిన బిళ్ళను వదలరు.

చెల్లింపులు

గెలిపించిన బిళ్ళను పారవేసినవారు కార్డుపైని విలువకు రెట్టింపు, మిగిలిన ఇద్దరు ఒకింత చెల్లించవలెను. గెలిచినవారు స్వయముగా ఎత్తుకొన్నచో ముగ్గురును రెట్టింపు ఇవ్వవలెను. 25 విలువ గల చేతికి మొదటి విధమున 50, 25, 25 కలిపి 100, రెండవ విధమున 150 వచ్చును. జోకరు ఒక్కటియు లేకుండ గెలిచినచో ఇవి మళ్ళీ రెట్టింపై 200, 300 అగును. ఒంటరులు-జతలు విభాగములో జోకర్లకు అసలే చోటు లేదు గనుక అక్కడ ఈ అదనపు రెట్టింపు లేదు. విలువలను సెంట్లుగా లెక్కించుట వాడుక. గోడలోని బిళ్ళలు అయిపోయినను ఎవరును గెలువనిచో ఎవరును ఏమియు చెల్లించరు.

చచ్చిన చేయి

ఆట మధ్యలో బిళ్ళల లెక్క తప్పినను, గుప్తమైన అమరిక కట్టువారు సమూహమును బయట పెట్టినను, బయట పెట్టిన సమూహములు కార్డులోని ఏ ఒక్క వరుసలోను కలిసి ఇమడకపోయినను ఆ చేయి చచ్చినట్లు లెక్క. సిరా రంగులను పొరపాటుగా అర్థము చేసుకొన్నవారికి ఎక్కువగా ఎదురగునది మూడవది. ఇద్దరి తప్పులు వేరైనను ఫలితము ఒకటే: ఆ ఆటగాడు బిళ్ళలు ఎత్తుట, పారవేయుట మానివేసి ఊరక కూర్చుండవలెను. మిగిలినవారు ఆటను కొనసాగిస్తారు. చివరకు వారిలో ఎవరు గెలిచినను, చచ్చిన చేతివారు కూడ ఇతరులతోపాటు తమ వంతు చెల్లించవలసినదే.