మీకు తెలుసా? డచ్ వాక్యం మధ్యలో మన వరస

• మామూలు డచ్ వాక్యంలో క్రియది ఎప్పుడూ రెండో స్థానమే. ‘ఇక్ లేస్ వన్‌దాఖ్ అన్ బూక్’ అంటే నేను ఇవాళ ఒక పుస్తకం చదువుతున్నాను. ఇందులో ‘లేస్’ క్రియ. ‘వన్‌దాఖ్’ (ఇవాళ)తో మొదలుపెడితే క్రియ కదలదు, ‘ఇక్’ (నేను) దాని వెనక్కి పోతుంది: ‘వన్‌దాఖ్ లేస్ ఇక్ అన్ బూక్’. రెండో స్థానమంటే రెండో పదమని కాదు. ‘రేపు పొద్దున ఎనిమిదింటికి’ అన్నంత పొడుగు మాట ముందు పెట్టినా అదంతా ఒకే స్థానం కింద లెక్క. ఇంగ్లీషు అలవాటు కాలికి అడ్డంపడేది ఇక్కడే.

• అదే వాక్యాన్ని కారణం చెప్పే ‘ఒమ్‌దాత్’తో మొదలుపెట్టండి: ‘ఒమ్‌దాత్ ఇక్ వన్‌దాఖ్ అన్ బూక్ లేస్’. క్రియ చివరికి పోయింది! కర్త, కర్మ, క్రియ, అచ్చం మన వరస. డచ్ భాష అసలు వరస ఇదేననీ, మామూలు వాక్యాల్లోనే క్రియ ముందుకు జరుగుతుందనీ భాషావేత్త యాన్ కోస్టర్ 1975లో వాదించాడు. ఈ బాధంతా ఎందుకనుకునేవాళ్లకు ‘వాంత్’ ఉంది. అదీ కారణమే చెబుతుంది, క్రియను మాత్రం కదిలించదు.

• ‘ఇక్ ఖా మోర్‌ఖన్ మెత్ ద త్రెయిన్ నార్ ఆమ్‌స్టర్‌డామ్’. ‘ఖా’ (వెళ్తాను) తీసి చివర పెట్టి చూడండి: నేను రేపు రైల్లో ఆమ్‌స్టర్‌డామ్‌కి వెళ్తాను. ఎప్పుడు, ఎలా, ఎక్కడికి అనే క్రమం తెలుగువాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పనిలేదు.

• ‘ఒప్‌బెల్లన్’ అంటే ఫోన్ చేయడం. వాక్యంలోకి రాగానే రెండు ముక్కలవుతుంది: ‘ఇక్ బెల్ యె వనావొంత్ ఒప్’, ఈ సాయంత్రం నీకు ఫోన్ చేస్తాను. ఆ చివరి ‘ఒప్’ దాకా ఓపిక పట్టాలి.

• నామవాచకాల ముందు ‘ద’ వస్తుందా, ‘హెత్’ వస్తుందా అన్నది చాలావరకు బట్టీ వ్యవహారం. ఒక్క వెసులుబాటు: చిన్నది అని చెప్పే ‘యె’ ప్రత్యయం తగిలితే కళ్లు మూసుకుని ‘హెత్’ అనొచ్చు. ‘ద హొంత్’ కుక్క, ‘హెత్ హొంత్యె’ బుజ్జి కుక్క.

• ‘హాల్ఫ్ ద్రీ’ అంటే సగం మూడు, అనగా రెండున్నర. మూడున్నర అనుకుంటే రైలు వెళ్లిపోయినట్టే.

• భాషాశాస్త్ర తరగతుల్లో పేరుపడ్డ ఉపవాక్యం ఒకటుంది: ‘దాత్ యాన్ పీత్ మరీ జాఖ్ హెల్పన్ జ్వెమ్మన్’. ముందు ముగ్గురి పేర్లు, తర్వాత అదే క్రమంలో ముగ్గురి పనులు: యాన్ చూశాడు, పీత్ సాయపడ్డాడు, మరీ ఈదింది. తెలుగులోనూ పేర్లు ఇదే వరసలో పెట్టొచ్చు: ‘యాన్, పీత్ మరీకి ఈదడంలో సాయపడటం చూశాడు’. క్రియలు మాత్రం సరిగ్గా తలకిందులు.