గోలు వాకిటి కావలివాడు: హాంగ్ మ్యుంగ్‌బో

స్త్రీల పత్రికలో ఫుట్‌బాల్ ఆటను గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా దోపవచ్చును. కాని మన పిల్లలు సాయంకాలము మోకాళ్లు దోకుకొని యింటికి వచ్చుటకు గారణమైన యాట యిదియే. ఎవరు గోలు కొట్టిరో వారు మనకు జెప్పుచునే యుందురు. గోలు పడకుండ గాచిన వాని పేరు మాత్రము చెప్పువా రరుదు. అట్లు వెనుక వరుసలో నిలిచి కాచుచునే ఆసియాఖండ మంతట కీర్తి గాంచి, పిమ్మట శిక్షకుడై సన్మానమును, అవమానమును గూడ జవిచూచిన యొక కొరియా దేశీయుని చరిత్రము మీ ముందుంచుచున్నాను.

ఆతని పేరు హాంగ్ మ్యుంగ్‌బో. మనవలెనే కొరియావారును ఇంటిపేరు ముందు చెప్పి, పెట్టిన పేరు పిదప జెప్పుదురు. కావున హాంగ్ అనునది యింటిపేరు. ఆతడు 1969వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన దక్షిణ కొరియా రాజధానియగు సియోల్ నగరమున జన్మించెను. 1990లో ఇటలీ దేశమున జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో, ఇరువది యొక్క యేండ్ల ప్రాయముననే, దేశపు జట్టులో నాడెను. ఆ పోటీలలో కొరియా మూడాటలాడి మూడింటను ఓడిపోయెను. 1992లో ఆతడు పోహాంగ్ పట్టణపు ఉక్కు కర్మాగారమువారి జట్టులో జేరెను. ఆ మొదటి యేటనే జట్టు దేశపు లీగు పోటీలో నెగ్గెను. హాంగ్ ఆ యేటి యుత్తమ క్రీడాకారుడుగా నెన్నబడెను.

ఆతని పని యెట్టిదో కొంచెము చెప్పవలెను. జట్టునకు పదునొకండుగురు. గోలు వాకిట నిలుచు కీపరునకు ముందు రక్షకులుందురు. వీరిలో కొందఱు ఎదిరి యాటగాండ్ర వెన్నంటి తిరుగుదురు. హాంగ్ వారికి వెనుక నిలుచువాడు. ఎవరినైన దాటి బంతి వచ్చెనా, దానిని పట్టి, తలయెత్తి నలుదిక్కులు చూచి, ముందున్న తనవారి కందించుట ఆతని వంతు. దీనికి ‘లిబరో’ యని పేరు. ఇటలీ భాషలో స్వేచ్ఛ గలవాడని యర్థము. పేరు స్వేచ్ఛయే గాని బాధ్యత మిక్కిలి. ముందువాడు పొరపడిన వెనుకవాడు దిద్దును. ఇతడు పొరపడిన దిద్దువాడు కీపరు తప్ప వేఱొకడు లేడు.

1994లో అమెరికా దేశమున జరిగిన ప్రపంచ కప్పులో స్పెయిన్ జట్టు రెండు గోలులతో ముందుండగా, ఆట ముగియుటకు అయిదు నిమిషము లున్నదనగా హాంగ్ ఒక గోలు కొట్టెను. పిమ్మట మఱియొక గోలు పడి ఆట సమమయ్యెను. జర్మనీతో నాడినప్పుడును ఆత డొక గోలు కొట్టెను గాని, 3–2 లెక్కతో కొరియా యోడెను. కాచువాడే గోలులు కొట్టుట చూచి లోక మాశ్చర్యపడెను.

1997లో ఆతడు జపాను వెళ్లి, మొదట హిరత్సుక జట్టునకును, 1999 నుండి కాషివా జట్టునకును ఆడెను. 1910 నుండి 1945 వఱకు జపాను ప్రభుత్వము కొరియాను పాలించెను. ఆ బాధను మఱువని పెద్దలు కొరియాలో నెందఱో యుండిరి. అట్టి దేశపు బిడ్డ జపాను జట్టునకు నాయకుడై, జపాను యువకులచే తన మాట వినిపించుకొనుట సామాన్యమైన సంగతి కాదు.

2002లో కొరియా జపానులు రెండును గలిసి ప్రపంచ కప్పును జరిపించెను. అంతకు ముందు అయిదు ప్రపంచ కప్పు పోటీలలో నాడియు కొరియా యొక్క యాటయైన గెలిచి యెఱుగదు. ఈసారి హాలెండు దేశీయుడగు గూస్ హిడింక్ శిక్షకుడు, హాంగ్ నాయకుడు. పోలెండు, పోర్చుగల్, ఇటలీ జట్లు ఓడిపోయెను. జూన్ 22వ తేదీన గ్వాంగ్జు నగరమున స్పెయిన్‌తో జరిగిన యాటలో ఎవరికిని గోలు లేకపోగా, ఒక్కొక్కరుగా బంతి తన్ని తేల్చుకొనవలసి వచ్చెను. కొరియా తరపున కడపటి తన్ను హాంగ్‌ది. అది గోలయ్యెను. ఆసియా జట్టొకటి ప్రపంచ కప్పు సెమీఫైనలు జేరుట అదియే ప్రథమము. తీర్పరులు తమకన్యాయము చేసిరని స్పెయిన్ వారు వగచిరనుటయు నిజమే.

ఏడు దినములకు మూడవ స్థానమునకై టర్కీతో నాట. ఆట మొదలయిన పదునొకండవ సెకండుననే హాంగ్ కాలినుండి బంతిని లాగికొని టర్కీవారు గోలు చేసిరి. ప్రపంచ కప్పు చరిత్రలో అంత త్వరగా పడిన గోలు అంతకుముందు లేదు. ఆ దినము కొరియా 3–2తో నోడెను. అయినను ఆ పోటీలలోని యుత్తమ క్రీడాకారులలో మూడవవానిగా నాతని నెన్నుకొని కంచుబంతి బహుమాన మిచ్చిరి. ఆసియావాని కట్టి గౌరవ మబ్బుట మొదటిసారి. దేశపు జట్టున నూట ముప్పదియాఱు పర్యాయము లాడి, అమెరికాలో రెండేండ్లు గడపి, 2004లో నాతడు ఆట మానెను.

పిమ్మట శిక్షకత్వము. 2012లో లండన్ ఒలింపిక్ పోటీలకు యువకుల జట్టును గొంపోయెను. కొరియాలో మగపిల్లలందఱు కొంతకాలము సైన్యమున బనిచేయవలయునని శాసనము కలదు. ఆటగానికి మంచి ప్రాయ మల్పము. అందు కొంత పోయినను నష్టము పెద్దది. ఒలింపిక్ పతకము దెచ్చినవారికి ఆ విధి తగ్గింపబడును. పార్క్ జూయాంగ్ అను నాటగాడు సైనిక విధి తప్పించుకొన జూచుచున్నాడని దేశమంతయు నిందింపగా, హాంగ్ ఆతని ప్రక్కన గూర్చుండి, ఆతడు పోనిచో తానే సైన్యమునకు బోయెదనని విలేఖరులతో ననెను. ఆగస్టు 10న కార్డిఫ్‌లో జపానును 2–0తో నోడించి వారు కంచుపతకము గెలిచిరి. అందు మొదటి గోలు పార్క్‌దే. అంతవఱకు ఒక్క నిమిషమైన నాడని కిమ్ కీహీ యను యువకుని కడపటి నిమిషములలో మైదానమునకు బంపుటచే నాతనికిని ఆ ఫల మబ్బెను.

అదే గుణము రెండేండ్లకు నిందకు మూలమయ్యెను. 2014 బ్రెజిల్ ప్రపంచ కప్పునకు, తన క్లబ్బులో ఆట దొరకక కూర్చున్న పార్క్‌నే హాంగ్ మరల నెన్నుకొనెను. యోగ్యత విడిచి పరిచయమును బట్టి యెన్నెనని జనులు దూఱిరి. కొరియా యొక యాట సమము చేసి రెండోడెను. ఇంచియాన్ విమానాశ్రయమున దిగిన జట్టుపై కొందఱు ‘యొత్’ అను తీపి ముక్కలు విసరిరి. యొత్ మన పాకపుండ వలె బంకగా నుండును. పరీక్షకు బోవు బిడ్డలకు తల్లులు దీనిని పెట్టుదురు. బంకవలె అంటుకొని ఉత్తీర్ణులు కావలెనని. కాని దానిని దినుమనుట వారి భాషలో గొప్ప తిట్టు. జూలైలో హాంగ్ పదవి విడిచెను.

చీనాలో హాంగ్‌జౌ జట్టునకు శిక్షకుడై, 2016లో ఆ జట్టు రెండవ తరగతికి దిగుట చూచెను. 2021లో ఉల్సాన్ జట్టునకు వచ్చెను. 2022లో ఆ జట్టు పదునేడేండ్ల తరువాత లీగు గెలిచెను. 2023లో మరల గెలిచెను. 2024 జూలైలో ఆతడు ఉల్సాన్‌ను నడుమ విడిచి దేశపు జట్టునకు మరల శిక్షకుడు కాగా, ఉల్సాన్ జనులు కినిసిరి. నియామకము సరిగా జరుగలేదని పార్లమెంటు సభ్యులు పిలిచి యడిగిరి. మొదటి యాటలో స్వజనులే కేకలు వేసిరి. 2025 జూన్ 5న బస్రాలో ఇరాకును 2–0తో నోడించి, 2026 ప్రపంచ కప్పునకు జట్టును అర్హమొనర్చెను.

శిక్షకుని బ్రతుకు ఎల్లెడల నిట్టిదే. మన హైదరాబాదువాడగు సయ్యద్ అబ్దుల్ రహీం, 1962లో జకార్తాలో నీ కొరియానే 2–1తో నోడించి భారతదేశమునకు ఆసియా క్రీడల బంగారము దెచ్చిన శిక్షకుడు. అప్పటికే వ్యాధిగ్రస్తుడైన యాతడు మఱుసటి యేడు గతించెను. ఆతని పేరు నేడు మన యిండ్లలో నెందఱెఱుగుదురు?

నమ్మినవానిని విడువకుండుట హాంగ్ గుణము. ఒకప్పు డది పతకమును, ఒకప్పు డది నిందను దెచ్చెను. బిడ్డలను బెంచు మనకును ఈ చిక్కు క్రొత్త కాదు. ఎంతవఱకు వెనుకవేసికొని రావలెనో, ఎక్కడ కాదనవలెనో ఫలము వచ్చువఱకు తెలియదు. ఓడి వచ్చిన బిడ్డకు తీపి పెట్టవలెనా, విసరవలెనా యనునది మాత్రము మన చేతిలోనిదే.