మాత్రది గంటల పని, కణానిది వారాల పని

డాక్టరు రాసిన డిప్రెషన్ మాత్రలు పది రోజులు వాడి, 'ఏం గుణం కనిపించలేదు' అని పక్కన పడేసేవాళ్లు చాలామంది. ఇంట్లోవాళ్లు కూడా 'అవి ఉత్త నిద్రమాత్రలు, మానెయ్' అంటారు. (కావు. ఫ్లూఓక్సెటిన్ అనే మందయితే కొందరికి ఉన్న నిద్ర కూడా చెడగొడుతుంది.) మాత్ర ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందన్న దాని మీద మనకున్న లెక్కే తప్పు. అందుకే ఈ తొందర.

అపోహ: మెదడులో సెరొటోనిన్ తగ్గితే డిప్రెషన్ వస్తుంది. మాత్ర ఆ లోటు పూడుస్తుంది.

1960ల్లో ఊహగా మొదలైన మాట ఇది. తర్వాత మందుల ప్రకటనలు దాన్ని నిజం చేసి కూర్చోబెట్టాయి. అసలు ఆ మాత్రలో సెరొటోనిన్ ఉండదు. ఒక నాడీకణం విడిచిన సెరొటోనిన్‌ను తిరిగి లోపలికి లాక్కునే ప్రొటీన్ ఒకటి కణపొర మీద ఉంటుంది. మాత్ర దానికి అడ్డం పడుతుంది. ఈ పని గంటల్లో అయిపోతుంది. లోటే జబ్బయితే రోగి మర్నాటికే తేరుకోవాలి కదా! సెరొటోనిన్‌కు ముడిసరుకైన ట్రిప్టోఫాన్‌ను ఆహారంలో తగ్గించి చూస్తే ఆరోగ్యవంతులకు డిప్రెషన్ రాలేదు. 2022లో పరిశోధకురాలు జొవానా మాంక్రీఫ్ బృందం పాత పరిశోధనలు తిరగేసి, లోటు వాదానికి గట్టి ఆధారం లేదని తేల్చింది.

దాన్ని పట్టుకుని 'మందులే బూటకం' అనేవాళ్లు బయల్దేరారు. అది ఇంకో అపోహ. ఎలా పనిచేస్తుందో చెప్పిన కథ తప్పయినంత మాత్రాన మందు పనిచేయనట్టు కాదు. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ప్రచురించిన సమీక్ష 522 ప్రయోగాలను, లక్షా పదహారు వేలకు పైగా రోగులను కలిపి చూసింది. 21 మందులూ ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగ్గా పనిచేశాయి. తేడా మరీ పెద్దదేం కాదు, కానీ ఉంది.

అపోహ: పది రోజుల్లో గుణం లేకపోతే ఆ మందు పనికిరాదు.

సెరొటోనిన్ తయారుచేసే కణాలు చాలావరకు మెదడు కాండంలో ఉంటాయి. వాటి పొర మీదే సెరొటోనిన్‌ను పసిగట్టే రిసెప్టర్లుంటాయి. చుట్టూ సెరొటోనిన్ పెరగగానే అవి 'ఇక చాలు' అని కణాన్ని నెమ్మదింపజేస్తాయి. అంటే మందు పెంచుతుంటే కణం తగ్గిస్తుంటుంది. రోజూ మాత్ర పడుతుంటే రెండు మూడు వారాలకు ఆ రిసెప్టర్లు మొద్దుబారతాయి. అప్పుడు గానీ కణం మళ్లీ వేగం అందుకోదు.

అసలు పని ఆ సెరొటోనిన్ అందుకునే కణాల లోపల జరుగుతుంది. అక్కడ సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరుగుతుంది, క్రెబ్ అనే ప్రొటీన్ చురుకవుతుంది. అది కణ కేంద్రకంలో కొన్ని జన్యువులను పనిలోకి దించుతుంది. అలా తయారయ్యే వాటిలో బీడీఎన్ఎఫ్ ఒకటి. నాడీకణాల కొమ్మలు పెరగడానికి, వాటి మధ్య సంధులు గట్టిపడటానికి ఈ ప్రొటీన్ కావాలి. చికాగోలో మార్క్ రాసెనిక్ బృందం ఇంకో సంగతి గమనించింది. ఈ మందులు కణపొరలో కొలెస్ట్రాల్ దట్టంగా ఉండే చోట్ల మెల్లగా పేరుకుని, అక్కడ ఇరుక్కున్న, సైక్లిక్ ఏఎంపీ తయారీకి తోడ్పడే జి-ప్రొటీన్‌ను బయటికి వదులుతాయట. 2021లో ఫిన్లండ్‌లో ఈరో కాస్ట్రెన్ బృందం మరీ ముందుకెళ్లింది. మందు అణువు బీడీఎన్ఎఫ్ రిసెప్టర్‌కే నేరుగా అతుక్కుంటుందని చూపించింది. వీటిలో ఏది ఎంత ముఖ్యమన్నది ఇంకా చర్చలోనే ఉంది. ఏదైనా సరే, కణాల్లో కొమ్మలు రాత్రికి రాత్రి మొలవవు. అందుకే సరిపడా డోసులో నాలుగు నుంచి ఆరు వారాలు చూడమంటారు.

చిక్కేమిటంటే, మేలుకన్నా బాధ ముందొస్తుంది. ఒంట్లోని సెరొటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. కాబట్టి వికారం, కడుపులో తిప్పడం మొదటివారమే పలకరిస్తాయి, చాలామందికి తర్వాత సర్దుకుంటాయి. పాతికేళ్లలోపు వాళ్లలో కొందరికి తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు. అప్పుడు ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

అపోహ: మాత్ర సంతోషాన్ని పుట్టిస్తుంది, ఇంకేం అక్కర్లేదు.

2008లో ఇటలీలో ఎదిగిన ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. చిన్నప్పటి నుంచి ఒక కన్ను మూసి ఉంచడంతో వాటికి ఆ కన్ను మందగించింది. ఆ వయసులో మామూలుగా అది బాగుపడదు. ఫ్లూఓక్సెటిన్ ఇచ్చి, మంచి కన్ను మూసి, మందగించిన కంటికి పని చెబితే చూపు తిరిగొచ్చింది. మందు మెదడును మారడానికి సిద్ధం చేసింది, ఎటు మారాలో చెప్పింది మాత్రం ఆ కంటికి దొరికిన పని. ఎలుకను చూసి మనిషి గురించి తీర్పు చెప్పకూడదు గానీ, మందుతో పాటు కౌన్సెలింగ్ కలిస్తే ఫలితం మెరుగ్గా ఉండటానికి ఇదో కారణం కావచ్చు. వేధించే ఇంట్లోనే మనిషిని ఉంచి మాత్ర ఒక్కటే మింగిస్తే ఎంత ఫలితం ఉంటుందో అనుమానమే.

అపోహ: మా అక్కకు పనిచేసిన మందు నాకూ పనిచేస్తుంది.

ఎస్సిటలోప్రాం అనే డిప్రెషన్ మందును విరగ్గొట్టే ముఖ్యమైన కాలేయ ఎంజైమ్ అందరిలో ఒకే వేగంతో పనిచేయదు. అది నెమ్మదైన వాళ్లకు అదే డోసు ఎక్కువవుతుంది, చురుకైన వాళ్లకు చాలదు. ఆ జన్యు పరీక్షలు ఇప్పుడు మన ల్యాబుల్లోనూ చేస్తున్నారు. అవి రక్తంలో మందు ఎంత నిలుస్తుందో అంచనా కడతాయే తప్ప, మనసు తేలికపడుతుందో లేదో చెప్పలేవు. అమెరికాలో జరిగిన స్టార్-డి అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నది దాదాపు మూడోవంతు మందే. మొదటిది కుదరకపోతే మార్చడం మామూలు వైద్యమే.

అపోహ: ఒకసారి మొదలెడితే జన్మంతా మానలేం.

ఈ మందులు సారాలాగా మోజు పుట్టించవు, డోసు పెంచుకుంటూ పోవాలనిపించదు. అయితే అలవాటైన కణాలకు మందు ఒక్కసారిగా ఆగితే తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టుండటం, చిరాకు కలగవచ్చు. పెరాక్సెటిన్ అనే మందు ఒంట్లో సుమారు ఒక రోజులో సగానికి తగ్గిపోతుంది, కాబట్టి ఆ ఇబ్బంది దానితో ఎక్కువ. ఫ్లూఓక్సెటిన్ నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం వారాల తరబడి నిలుస్తుంది, అందుకని తక్కువ. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడించి, ఆ తర్వాత వారాల మీద, కొందరికి నెలల మీద డోసు కోసుకుంటూ వస్తారు.