దొంగదెబ్బకూ ఒక కట్టుబాటు

“దొంగదెబ్బ తీసినాడు” అంటే మన భాషలో అది మెచ్చుకోలు కాదు. ఎదుట నిలిచి పోరలేనివాడు చాటున పొంచి కొట్టినాడన్న నింద ఆ మాటలోనే ఉన్నది. ఆ నిందకు లెక్క కట్టి, ఎల్లలు గీసి, యాభై ఏళ్లుగా దిద్దుకొంటూ వచ్చిన ఆట ఒకటి కలదు. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో దీనిని వెలువరించినారు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆటకు ఆధారమైనవి దీని నియమాలే.

ఈ ఆటలో బల్ల చుట్టూ కూర్చున్నవారు ఒక్కొక్కరు ఒక కల్పిత పాత్రను ధరిస్తారు. ఒకరు కథ నడుపుతారు. తలపెట్టిన పని ఫలించినదీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. మొదట యోధుడు, మాంత్రికుడు, పూజారి అనే మూడు తెగల పాత్రలే ఉండేవి. 1975లో గ్రేహాక్ అనే అనుబంధ గ్రంథంతో దొంగ ప్రవేశించినాడు. బలం లేదు, మంత్రం లేదు. అట్టివానికి బ్రతుకుతెరువుగా ఇచ్చినది వెన్నుపోటు. 1978 నాటి నియమం ప్రకారం శత్రువు వెనుకనుండి, వానికి తెలియకుండా కొట్టగలిగితే ఆయుధపు దెబ్బ మొదటి నాలుగు స్థాయిలలో రెట్టింపు, తరువాతి నాలుగింటిలో మూడింతలు. అయితే శత్రువు వెనుదిరిగి చూచినాడా, ఆ విద్య వృథా.

2000లో వచ్చిన మూడవ కూర్పు ఈ వెన్నుపోటును దొంగదెబ్బగా మార్చినది. ఇక వీపుతో పని లేదు. శత్రువు తన్ను తాను కాచుకోలేని స్థితిలో ఉండుటయో, ఇరువైపులా ఇద్దరి నడుమ చిక్కుటయో చాలును. దెబ్బను రెట్టించుటకు బదులు ఆరు ముఖాల పాచికలను అదనంగా వేయుట అప్పుడే వచ్చినది. ఇది మర్మస్థానాలు ఎరిగినవాని దెబ్బ గనుక, మర్మస్థానాలే లేని ప్రేతాలపైన, రాతిబొమ్మలపైన ఆ కూర్పులో చెల్లేది కాదు. తరువాతి కాలంలో ఆ మినహాయింపు తొలగినది.

2014 కూర్పులో నియమం మరింత స్పష్టమైనది. ఆయుధం చురకత్తి వలె ఒడుపుతో వాడేదిగానో, విల్లు వలె దూరంనుండి కొట్టేదిగానో ఉండాలి. భీముని వలె గదతో మోదితే ఈ ఫలం దక్కదు. కొట్టేవానికి ఇరవై ముఖాల పాచికను రెండుమార్లు వేసి పెద్ద సంఖ్యను గ్రహించే వెసులుబాటు ఉండాలి. అది లేకున్నా, శత్రువుకు ఐదడుగుల లోపల తనవాడొకడు స్పృహతో నిలిచి ఉండి, తనకు ఏ ఆటంకమూ లేకుంటే చాలును. ఒక్కొక్క వంతులో ఒక్కమారే ఈ లాభం. మొదటి స్థాయిలో అదనపు పాచిక ఒకటి, పందొమ్మిదవ స్థాయికి పది. ఒక పాచిక సగటు మూడున్నర గనుక, ఐదవ స్థాయిలోని మూడు పాచికలకు సగటున పదిన్నర కలుస్తుంది. లెక్కల ఉపాధ్యాయులు సంభావ్యత పాఠానికి దీనిని ఉదాహరణగా తీసుకోవచ్చును.

దొంగ దాగి ఉంటేనే దొంగదెబ్బ అని భావించేవారు ఇప్పటికీ ఉన్నారు. నియమంలో ఆ మాట లేదు. పట్టపగలు, అందరి కన్నుల ఎదుట, తోడివాడు శత్రువును ఎదుర్కొంటూ ఉండగా పక్కనుండి కొట్టినా అది దొంగదెబ్బయే. ఒంటరివాని మోసంగా పుట్టిన విద్య ఈ విధంగా నలుగురి సహకారంపై ఆధారపడిన విద్యగా పరిణమించినది. ముందు నిలిచి దెబ్బలు కాచేవాడు లేనిదే వెనుకవాని నేర్పుకు చాలామారులు విలువ లేదు.

ఇట్టి ఆట పిల్లలకు వంచన నేర్పదా అని ఒక ఉపాధ్యాయుడు అడుగవచ్చును. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. సౌప్తిక పర్వాన్ని తిక్కన తెనుగున చదివినవారు, రాత్రివేళ గుడ్లగూబ కాకులను చంపుట చూచి అశ్వత్థామ ఏమి నేర్చుకొన్నాడో మరువలేరు. నిదురించు శిబిరంపై అతడు పడినాడు. ఈ ఆట నియమం నిదురించేవానిపై కత్తి దూసినవానికి కూడా అదనపు పాచికలు ఇస్తుంది. అది అవకాశాన్ని కొలుస్తుంది, ధర్మాన్ని కొలువదు. ఎవరిని కొట్టవచ్చును, ఎవరిని విడువవలెను అన్న తీర్పు ఆడేవానిదే.

2024 కూర్పు ఆ తీర్పుకు కొంత చోటు కల్పించినది. ఐదవ స్థాయినుండి ఒక పాచికను వదులుకొంటే, గాయం తగ్గించి శత్రువును పడద్రోసేందుకు ప్రయత్నించవచ్చును, లేదా దెబ్బ తీసి సురక్షితంగా తప్పుకోవచ్చును. చేతిలోని బలమంతా ఖర్చు చేయవలసిన పని లేదని చెప్పే నియమమిది. బల్ల చుట్టూ కూర్చున్న పిల్లలను, “నీకు దెబ్బ చెల్లుతుంది, మరి కొట్టవలెనా?” అని అడిగే పెద్ద ఒకరు ఉంటే, మహాభారతం చదువుటకు వారు సగం సిద్ధమైనట్లే.