డ్రిల్లు మాస్టరును జీతపు జట్టు పిలిచినచో

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము – ఈ మూడు ఊళ్లలో ఏ ఉన్నతపాఠశాలకు పోయి చూచినను, సాయంకాలమున ఆటస్థలములో ఈల నోటబెట్టుకొని నిలుచుండు మనిషి యొకడు కనబడును. ఆయనను మనవారు డ్రిల్లు మాస్టరు అందురు. ఆలస్యముగా వచ్చిన పిల్లవానిని రెండు చుట్లు పరుగెత్తుమనును, వాడు పరుగెత్తును. ఎందుకని యడుగడు. ఇప్పుడొక సంగతి ఊహింపుడు. ధనవంతమైన జట్టు యొకదాని యజమానులు ఆయన యింటికి వచ్చి, “అయ్యా, మా యొద్ద పదునైదుగురు ఆటగాండ్రు కలరు. ఒక్కొక్కని జీతము మీ జీతమునకు నూరింతలు. మీరు వచ్చి వారిని నడుపవలెను” అని యడిగిరనుకొనుడు. ఆయన పోవలెనా? పోయినచో అక్కడ ఆ ఈలకు ఈ విలువ యుండునా?

మనకిది వినోదపు ప్రశ్నవలె తోచును గాని, అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడించువారికిది నిజముగా ఎదురగుచుండు ప్రశ్న. ఆ యాటను 1891లో కనిపెట్టిన జేమ్సు నైస్మిత్తు గారే వ్యాయామోపాధ్యాయుడు. శీతకాలమున గదిలోపల విద్యార్థులను ఆడించుటకు ఉపాయము కావలసి, ఎత్తున రెండు బుట్టలు కట్టించెను. (తరువాత కాన్సాసు విశ్వవిద్యాలయపు జట్టును నడిపి, గెలిచిన ఆటలకంటె ఓడిన ఆటలే యెక్కువ మూటగట్టుకొనెను. ఆటను కనిపెట్టుట వేఱు, గెలిపించుట వేఱు.) ఆ దేశమున కళాశాలల ఆటలను చూచుటకు వేలకొలది జనులు టిక్కెట్టు కొని వత్తురు, శిక్షకులు సినిమా నటులంత ప్రసిద్ధులగుదురు. ఎన్.బి.ఏ. యను వృత్తి సంఘములోని జట్లు ఓడిపోవుచున్నప్పుడు వారి దృష్టి ఈ ప్రసిద్ధులపై పడును.

రెండుచోట్ల ఆడునది ఒక్క యాటయే. బుట్ట యెత్తు ఒక్కటే. కాని కళాశాలలో ఆట 40 నిమిషములు. వృత్తి సంఘములో 48. అచ్చట బంతి చేజిక్కిన పిమ్మట 30 సెకనులలోపల బుట్టపైకి విసరవలెను. ఇచ్చట 24 సెకనులే. కళాశాల జట్టు ఏడాదికి ముప్పదికి కొంచెము మించి ఆటలాడగా, వృత్తి జట్టు 82 ఆడవలెను. సుమారు రెండుదినముల కొక యాట యున్నచో అభ్యాసమునకు తీరిక యెక్కడిది? పాఠము చెప్పి, తిరిగి అప్పగించుకొని, తప్పు దిద్దుటకు అలవాటుపడిన ఉపాధ్యాయునకు తరగతి గదియే లేకుండపోవును.

ఈ లెక్కలకంటె బలమైన భేదము మఱియొకటి కలదు. కళాశాలలో శిక్షకుడే ఊరూరు తిరిగి కుఱ్ఱవారిని ఏరి తెచ్చుకొనును. వృత్తి జట్టులో ఆటగాండ్రను కొనుట, అమ్ముట, మార్చుట మేనేజరు పని. ఉన్నవారితో శిక్షకుడు సర్దుకొనవలెను.

ధర్మవరపు వారికి ఈ భేదము విప్పి చెప్పనక్కఱలేదు. తండ్రి మగ్గముకడ కూర్చుండి నేర్చుకొను బాలుడు తండ్రి చెప్పినట్లు పోగు అతుకును, అంచు చూచును. తప్పినచో చీవాట్లు తినును. ఆ తండ్రినే షావుకారొకడు పిలిచి ఆరితేరిన పదిమంది నేతగాండ్రపై పెట్టెననుడు. వారిలో ప్రతివాడును చీరకింతయని కూలి పుచ్చుకొనువాడే, తన చేతిపనిపై అభిమానము గలవాడే. వారిని ఏరినది ఇతడు కాడు. పట్టును జరీని కొన్నది ఇతడు కాడు. ఇక వారు ఇతని మాట వినుటకు ఒక్కటే కారణము మిగులును: విన్నచో చీర బాగుగా దిగవలెను. తండ్రియను గౌరవము ఆ గడప దాటి రాదు.

జెర్రీ టార్కేనియన్ అనునాయన లాస్‌వేగస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయపు జట్టును 1990లో దేశమునకెల్ల ప్రథమముగా నిలిపిన ఘనుడు. 1992లో సాన్ ఆంటోనియో స్పర్సు జట్టువారు ఆయనను పిలిచిరి. బంతిని నడిపించు అనుభవశాలి యొకడు జట్టులో లేడని ఆయన మొఱపెట్టుచుండెను, యజమాని వినలేదు. 20 ఆటలు జరిగెను. తొమ్మిది గెలిచి పదునొకండు ఓడిరి. అంతతో ఆయనకు సెలవిచ్చిరి. కళాశాలలోనైనచో అట్టివానిని తానే వెదకి తెచ్చుకొనియుండును.

జాన్ బీలైన్ గారి కథ మఱియొక తీరు. మిషిగన్ విశ్వవిద్యాలయమున పేరు గడించిన ఆ పెద్దమనిషి 2019లో తన 66వ యేట క్లీవ్‌లాండు జట్టునకు వచ్చెను. ఒకనాడు ఆటగాండ్రకు చిత్రములు చూపి తప్పులెంచుచు వారిని ‘థగ్గులు’ అనెను. నత్తలవలె నడచుచున్నారను భావముతో ‘స్లగ్గులు’ అనబోయి నోరు జారెనని తరువాత చెప్పుకొనెను, క్షమాపణయు కోరెను. (ఆ ‘థగ్గు’ శబ్దము మన దేశమునుండియే ఆ భాషకు పోయినది, పోయి ఎంత పని చేసినదో చూడుడు!) బడిపిల్లలు గురువు నోట జారిన మాటను మఱుసటి దినమునకు మఱతురు. జీతమునకాడు ప్రౌఢులు మఱవరు. 54 ఆటలలో 14 మాత్రమే గెలిచి, 2020 ఫిబ్రవరిలో ఆయన తానే తప్పుకొనెను.

ఈ రెండు కథలు విని, కళాశాల గురువులు ఈ పనికి పనికిరారని తేల్చుట పొరపాటు. బ్రాడ్ స్టీవెన్సు ఇండియానాపొలిస్ నగరమున బట్లర్ అను చిన్న విశ్వవిద్యాలయపు జట్టును నడిపి, 2010, 2011 సంవత్సరములలో వరుసగా తుదియాట వఱకు తెచ్చెను, రెండుమార్లును ఓడెను. పేరుమోసిన కుఱ్ఱవారు పెద్ద విద్యాలయములకే పోవుదురు గనుక, బట్లరువంటి చోట మిగిలినవారితో సాధింపక తప్పదు. 2013లో బోస్టన్ సెల్టిక్సువారు ఆయనను పిలిచినపుడు ఆయనకు 36 ఏండ్లు. ఆ వేసవిలోనే జట్టులోని ప్రసిద్ధులను అమ్మివేసిరి. మొదటి యేడు 25 గెలుపులు, 57 ఓటములు! అయినను ఎవరును ఆయనను వెళ్లగొట్టలేదు. ఏలయనగా ఒప్పందము ఆరేండ్లకు వ్రాసికొనిరి. జట్టును మొదటినుండి కట్టవలెనని యజమానులే తలచియుండిరి. 2017, 2018, 2020లలో ఆ జట్టు తూర్పు విభాగపు తుదిపోరు చేరెను. 2021లో ఆయన ఈల విడిచి, ఆటగాండ్రను ఏరు అధికారమునకే పోయెను. ఆయన యేర్చి కూర్చిన జట్టు 2024లో విజేతయయ్యెను.

కావున శిక్షకుని వెదకువారు “ఎన్ని యాటలు గెలిచెను?” అని యడుగుటతో సరిపెట్టుకొనరాదని నా యభిప్రాయము. “ఎట్టివారితో గెలిచెను?” అని యడుగవలెను. కోరిన వజ్రములన్నియు దొరికినచోట హారము కూర్చుట గొప్పపని కాదు.

ఇంత దూరపుమాట చెప్పితినిగదా, మన తెలుగు నేలపై ఇట్టిది జరుగలేదాయని మీరడుగవచ్చును. ఆట వేఱు గాని, జరిగినది. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదున 1909లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు జట్టులో ఫుట్‌బాల్ ఆడి, బడిపంతులుగా జీవించినవాడు. 1950లో ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. అమెరికావారి యర్థమున అది వృత్తి జట్టు కాదు; ఆటగాండ్రు పోలీసుశాఖ కొలువులో నుండి జీతము పుచ్చుకొనువారు. అయినను వారు బాలురు కారు, లాఠీ పట్టినవారు. వారిని పట్టుకొని ఆయన బొంబాయి రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వఱకు ఐదేండ్లు వరుసగా గెలిపించెను.

ఆయన పద్ధతి బడిపంతులుదే. బంతిని కాలివద్ద నుంచుకొని విన్యాసములు చేయరాదు, తాకినంతనే తోటివానికి అందింపవలెనని నియమము పెట్టి పోటీలు నడిపించెను. ఆటగాడు తానే తెలిసికొనునట్లు నియమమునే పాఠముగా చేయుట గొప్ప యుపాయము. ఆయన శిక్షణలో భారత జట్టు 1956లో మెల్బోర్నున నాలుగవ స్థానమునకు చేరెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో జర్నైల్ సింగ్ అను రక్షకుని తలకు గాయమై కుట్లు పడెను. వెనుక నిలిచి ఆడువానిని రహీం గారు ముందునకు పంపి గోలు కొట్టువానిగా నిలిపెను. తుదియాటలో దక్షిణ కొరియాపై 2–1 గెలుపులో ఒక గోలు ఆ కట్టుకట్టిన తలవానిదే. ఉన్నవానిని క్రొత్తచోట నిలుపుట యన నిది. అప్పటికే ఆయనను క్యాన్సరు పట్టియుండెను. 1963 జూన్‌లో కన్నుమూసెను.

అమెరికాలో ఇప్పుడు గోడలు కూలుచున్నవి. 2021 నుండి కళాశాల ఆటగాండ్రు తమ పేరుపై ధనము గడింపవచ్చును. 2025 నుండి విద్యాలయములే నేరుగా చెల్లింపవచ్చును. శిష్యుడే కూలిగాడైనపుడు కళాశాల గురువునకు వృత్తి జట్టు అంత క్రొత్తగా తోపకపోవచ్చును. అయినను 2024లో, వరుసగా రెండేండ్లు కళాశాల విజేతగా నిలిచిన డాన్ హర్లీని లాసేంజిలిస్ లేకర్సువారు పిలువగా, ఆయన రానని చెప్పి తన పిల్లలకడనే యుండిపోయెను.

మన హిందూపురపు డ్రిల్లు మాస్టరు గారింటి వాకిట కారు ఆగియున్నది గదా. ఆయన సంచి సర్దుకొనుటకుముందు మూడు మాటలడుగుట మేలు: ఆటగాండ్రను ఏరునప్పుడు నన్ను సంప్రదింతురా? ఎన్నేండ్లకు ఒప్పందము వ్రాయుదురు? నేను తిరిగివచ్చినచో బడిలో నా యుద్యోగముండునా? మూడవదానికి జవాబు చెప్పవలసినది జట్టువారు కాదు, హెడ్మాస్టరు గారు. ఆ మాట కాగితముపై వ్రాయించుకొని మఱి కారెక్కవలెను.