మూకచిత్రములలో ఇంటినవ్వు

ఉయ్యూరునకు ఒకవంక బందరు, వేరొకవంక బెజవాడ. తెలుగు సినిమా చరిత్ర తొలిపుటలు కొన్ని ఈ బాటమీదనే దొరకును. మూకచిత్రములను ఊరూర త్రిప్పి చూపిన రఘుపతి వెంకయ్యగారు 1869లో బందరున జన్మించిరి. బెజవాడలో మారుతీ సినిమాహాలు 1921లో వెలసెను. ఆ యేటనే వెంకయ్యగారి కుమారులు ప్రకాశ్ గారు మద్రాసున ‘భీష్మప్రతిజ్ఞ’ను తీసిరి.

ఆ సంవత్సరముననే కలకత్తాలో ధీరేంద్రనాథ గంగూలీగారు ‘బిలెత్ ఫెరత్’ అను హాస్యచిత్రమున నటించిరి. సీమనుండి తిరిగివచ్చిన యువకుడు, వాని దొరల పోకడలు, ప్రేమను గూర్చియు పెండ్లిని గూర్చియు వాడు మోసికొనివచ్చిన క్రొత్త యూహలు, ఇదియే కథ. మనవారు పెండ్లి వలదని శపథము పట్టినవాని నెత్తుకొనగా, వంగీయులు పెండ్లికై తంటాలు పడువాని నెత్తుకొనిరి!

అయినను ఆ నవ్వు మనకు దూరము కాలేదు. గంగూలీగారు 1922లో హైదరాబాదున లోటస్ ఫిల్ము కంపెనీని నెలకొల్పి, ‘మ్యారేజి టానిక్’, ‘లేడీ టీచర్’ మున్నగు చిత్రములను తీసిరి. ఢిల్లీ నేలిన రజియా యొక హిందువును ప్రేమించినట్లు చూపు ‘రజియా బేగం’ను 1924లో ప్రదర్శించినందుకు నైజాము ఆయనను రాజ్యము విడిచిపొమ్మనెను. ప్రభువుల యాగ్రహము రాణి కథపైన. మూతపడినది ఇంటి కథలు తీయు కంపెనీ.

దేశోద్ధరణమునకు ఆలుమగల తగవులతో నేమి పని యని కొందరందురు. వీరేశలింగము పంతులుగారు దురాచారములపై ప్రహసనములను గూడ ప్రయోగించిరని వారు మరచినట్లున్నారు.

అమెరికాలో 1912లో జాన్ బన్నీ, ఫ్లోరా ఫించ్ నటించిన చిన్నచిత్ర మొకటి కలదు. పేకాట మానితినని భార్యకు ప్రమాణము చేసి, భర్త చాటుగా ఆడుచుండును. నిద్రలో పలవరించి పట్టుబడును. ఆమె బంధువు తన స్నేహితులకు పోలీసు వేషములు వేయించి ఆటపై దాడి చేయించును. మన డెల్టాలో ఈ కథకు వ్యాఖ్యాన మక్కరలేదు. ఆ దేశమువారు దానిని 2011లో జాతీయ చిత్రసంపదలో చేర్చిరి.

మన ‘భీష్మప్రతిజ్ఞ’యో, నేడు చూడ దొరకదు. నాటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. నిప్పు సోకిన భగ్గుమనును, ఊరకుంచిన జిగురై పొడియగును. దానిలోని వెండికై కరిగించినవారును కలరు. భారతదేశమున తీసిన సుమారు 1,300 మూకచిత్రములలో మిగిలినవి అత్యల్పము. పల్లెటూరి అల్లుడు కలకత్తాలో పడిన పాట్లను చూపు 1931 నాటి ‘జమాయి బాబు’ మాత్రము దైవికముగా దక్కినది.

కనుక ఉయ్యూరు ప్రాంతపు పాత లోగిళ్లలో అటకలు దులుపువారికి మా మనవి యొకటి. నాటి సినిమా కరపత్రములు కనబడిన చిత్తుకాగితములవానికి వేయకుడు. ఫిల్ముచుట్ట యున్న రేకుడబ్బా దొరకినచో, దీపము దగ్గరకు తేక, చుట్ట విప్పక, చల్లనిచోట నుంచి పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారమునకు జాబు వ్రాయుడు.