కాటుక నూరిన రాతి చేప

గుడివాడ, బంటుమిల్లి వైపు చెరువుల రైతుకు తిలాపియా పిలవని పేరంటం. వేసింది బొచ్చె, శీలావతి. కాలువ నీటితో నాలుగు తిలాపియా పిల్లలు లోపలికి జొరబడితే చాలు, మేతలో వాటా పోయినట్టే. ఈ జాతి చేపనే ఈజిప్టువాళ్లు దాదాపు 5,500 ఏళ్ల కిందట రాతిలో చెక్కి, చనిపోయినవారి పక్కన పెట్టి పూడ్చారు.

1894-95లో ఫ్లిండర్స్ పెట్రీ నైలు ఒడ్డున నకాడా దగ్గర రెండు వేలకు పైగా సమాధులు తవ్వించాడు. కుండలు, పూసలతో పాటు పలుచని రాతి పలకలు బయటపడ్డాయి. తాబేలు, నీటిగుర్రం, పొట్టేలు, పక్షి, చేప ఆకారాలు. చేప పలకను దగ్గరగా చూస్తే గుండ్రటి ఒళ్లు, అంచున గాట్లతో తీర్చిన రెక్కలు, కన్ను ఉండాల్సినచోట చిన్న గుంట కనిపిస్తాయి. కొన్నిటికి ఆ గుంటలో పొదిగిన పెంకు ఇంకా ఊడలేదు. వీపు మీద దారం కట్టుకునే రంధ్రం. నడుమ ఆకుపచ్చ మరక.

ఆ మరక మలకైటు అనే రాగి ఖనిజానిది. దాన్ని గులకరాయితో నూరి, తడిపి, కళ్ల చుట్టూ పూసుకునేవారు. మన గంధపు సాన గుర్తొస్తుంది గానీ పని వేరు. సాన మీద అరిగేది చెక్క, ఇక్కడ నలిగేది ఖనిజం. మోస్ కొలమానంలో మలకైటు గట్టితనం 3.5 నుంచి 4 వరకే, కనుక తేలిగ్గానే పొడి అవుతుంది. పలకది మాత్రం సన్నని రేణువుల సిల్ట్‌స్టోన్. పాత పుస్తకాలు దాన్ని స్లేటు అని పొరపాటుగా రాశాయి. అది నైలు ఒండ్రులో దొరికే రాయి కాదు. ఎర్రసముద్రం వైపు ఎడారిలోని వాదీ హమ్మామత్ నుంచి మోసుకురావాలి. దివిసీమ వాళ్లకు ఈ బాధ వివరించక్కర్లేదు, సన్నికల్లు కూడా పై ఊళ్ల నుంచి రావాల్సిన నేల అది.

మరి చేపే ఎందుకు? తిలాపియా ఆడచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. అన్ని రోజులూ దాదాపు పస్తే. పిల్లలు బయటికొచ్చాక కూడా అలికిడైతే మళ్లీ తల్లి నోట్లోకే దూరతాయి. చెరువులో దీని సంతతి అంత త్వరగా పెరగడానికి ఇదో కారణం. తర్వాతి కాలపు ఈజిప్టు కళలో ఈ చేప పునర్జన్మకు గుర్తు. నకాడా వాళ్లకూ అదే నమ్మకం ఉందనడం నా దృష్టిలో తొందరపాటే, రాత పుట్టకముందటి సమాధులవి. రోజూ నీళ్లలో చూసేదాన్నే చెక్కి ఉండవచ్చు.

పోనుపోను పలక వాడుక వస్తువుగా మిగల్లేదు. 1898లో హైరాకాన్‌పోలిస్ గుడిలో దొరికిన నార్మర్ పలక 64 సెంటీమీటర్లు, రాజుగారి విజయచిత్రం. రంగు నూరే గుంట మాత్రం ఆచారంగా మిగిలింది.

రాతి చేపలు లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. బతికున్న బంధువులు ఇంకా దగ్గర. 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలైన ‘గిఫ్ట్’ తిలాపియా రకానికి మూలం ఈజిప్టు, ఘనా, కెన్యా, సెనెగల్ నుంచి తెచ్చిన నైలు తిలాపియాలు. ఆ రకాన్నే కృష్ణా జిల్లా మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం పెంచింది.